సారా ఒంట్లో చేసే పని

సారాలో మత్తెక్కించేది ఇథైల్ ఆల్కహాల్. అది కడుపు, చిన్నపేగుల నుంచి నేరుగా రక్తంలో కలిసి నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. ముందు బెరుకు పోతుంది, తర్వాత మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. మోతాదు మరీ మించితే ఊపిరే ఆగిపోవచ్చు. ఏళ్ల తరబడి తాగితే కాలేయానికి కొవ్వు పడుతుంది, వాస్తుంది, చివరికి గట్టిపడుతుంది. కామెర్లు, పొట్టలో నీరు అప్పుడే కనిపిస్తాయి. కల్తీ సారాలో మిథైల్ ఆల్కహాల్ ఉంటే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

బాగా అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి మూర్ఛ వస్తుంది, లేనివి కనిపిస్తాయి. ఇది గాలి సోకడం కాదు, మొండితనం అంతకన్నా కాదు. ఇది జబ్బు, ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. డాక్టరు కనిపెట్టుకుని ఉండగానే మాన్పించాలి.

ఒకప్పుడు నెల్లూరు జిల్లా పల్లెల్లో మగవాళ్ల కూలి డబ్బు ఇల్లు చేరకముందే సారా ప్యాకెట్లకు పోయేది. పొయ్యి వెలగని ఇంట్లో దెబ్బలు మాత్రం తప్పేవి కావు. అక్షరాస్యత ఉద్యమంలో పలక పట్టిన దూబగుంట ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందుండగా, సారా దుకాణం మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో మద్యనిషేధం సడలినా సారాపై నిషేధం కొనసాగింది.