తోలు పనివాడి పూర్ణఘటం
(బైరెడ్డిపల్లె సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మన బిడ్డ బొమ్మల కాలేజీలో చేరతాదంట, ఆ చదువు కూడు పెడతాదా?" అని మన పల్లెల్లో అడుగుతున్నారు. మా ఇండ్లల్లో మమ్మల్నీ ఇదే అడిగినారు. కూలికి పోయి చదివించే తల్లికి ఆ లెక్క కావాల. దానికి జవాబు చెప్పడం మా బాధ్యత.

ఇంటర్ అయినాక నాలుగేండ్లు బి.ఎఫ్.ఎ., ఆపైన రెండేండ్లు ఎం.ఎఫ్.ఎ. పెన్సిలు పని, నీటిరంగులు, నూనెరంగులు, మనిషి రూపం గీయడం నేర్పిస్తారు. దాంతోపాటు కళా చరిత్ర ఉంటుంది. చీకటి గదిలో గోడ మీద బొమ్మలు వేసి అజంతా నుంచి ఐరోపా దాకా చెప్తారు. ఆ గదిలో కూచుని రాజుల పేర్లు, వంశాల పేర్లు బట్టీ పట్టినాం. పలకకు తోలు బిగించే మా తాతల పనికి అందులో చోటు లేదు. అడిగితే, "అది కళ కాదు, కులవృత్తి" అన్నాడొక అయ్యవారు.

అమరావతి పాఠం వచ్చింది. శాతవాహనులు, స్తూపం, తామరపూలు అన్నీ చెప్పినారు. లైబ్రరీలో అక్కడి శాసనాలు చదివితే ఇంకొక సంగతి బయటపడింది. పూర్ణఘటం చెక్కిన ఒక రాతిపలకను దానమిచ్చినవాడు విధికుడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలు, చుట్టాలతో కలిసి ఇచ్చినాడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. విధికుడు మాత్రం చమ్మకారుడు, అంటే తోలు పనివాడు. 1,700 ఏండ్లు దాటిన మాట ఇది. బుద్ధుని నీడలో చదువు చెప్పే తండ్రి, తోలు పని చేసే కొడుకు ఒకే ఇంట్లో ఉన్నారు.

ఆ విధికుడే మన ముత్తాత అని మేము చెప్పడం లేదు. అమరావతి పూర్ణఘటం 2018లో ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోకి ఎక్కింది. తోలు పనివాడు కూడా అట్లాంటి పూర్ణఘటం దానమిచ్చినాడని మన పిల్లలకు ఎవరు చెప్పినారు? చరిత్ర చదివేవాళ్ళలో మనం లేకుంటే మన పేరు రాతి మీద ఉన్నా పాఠంలోకి రాదు.

నాగపూరు దళిత చిత్రకారుడు సవి సావర్కర్ బరోడాలో ఈ చదువే చదివినాడు. మెడలో ముంత కట్టిన అంటరానివాణ్ణి, దేవదాసిని గీసినాడు. దేవదాసీ నిషేధ చట్టం 1988లో వచ్చింది. ఆ తర్వాత కూడా మన చిత్తూరు జిల్లాలో ఆడబిడ్డల్ని మాతమ్మలుగా విడిచినారు. ఆ తల్లుల బతుకు మన బిడ్డలు గీయకుంటే ఎవరు గీస్తారు?

ఉద్యోగం ఖాయమని అబద్ధం చెప్పం. డ్రాయింగ్ మాస్టరు పని, పుస్తకాల బొమ్మలు, సినిమా సెట్లు, యానిమేషన్ ఇట్లాంటి దారులున్నాయి. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూలు ఉంది. ఎస్సీలకు 15 శాతం సీట్లు మన హక్కు. అడగకుంటే అది కాగితంలోనే ఉండిపోతాది.

గోడ మీద బొగ్గుతో గీసే పిల్ల మీ వీధిలో ఉంటే కొట్టొద్దండి. మా కాడికి పంపండి. దరఖాస్తు మేము నింపుతాం, ప్రవేశ పరీక్షకు గీయడం మేము నేర్పిస్తాం.

జై భీమ్!