ఆకలికి కొలబద్ద

ధాన్యమును కుంచముతో కొలుతుము. పాలను సోలతో కొలుతుము. ఆకలిని దేనితో కొలువగలము? “కడుపు నిండినదా?” అని అడుగుటయే మన ఇండ్లలోని కొలత. శాస్త్రజ్ఞులును ఆ ప్రశ్ననే పద్ధతిగా అడిగిరి.

1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమునకు చెందిన సుసానా హోల్ట్, ఆమె సహచరులు 38 ఆహారపదార్థములపై చేసిన పరిశోధనను ప్రకటించిరి. ప్రతి పదార్థమును 240 కేలరీల శక్తి నిచ్చునంత కొలిచి, ఉదయము పరగడుపున 11 నుండి 13 మందికి పెట్టిరి. రెండు గంటలపాటు, పావుగంట కొకసారి, ఏడు మెట్ల కొలబద్దపై తమ ఆకలిని, నిండుదనమును గుర్తింపుమనిరి. తెల్ల రొట్టెకు 100 అని నిర్ణయింపగా, ఉడికించిన బంగాళాదుంపకు 323, చేపకు 225, తెల్ల బియ్యపన్నమునకు 138, కేకునకు 65 వచ్చినవి.

శక్తి సమానమే; తృప్తి సమానము కాదు. నీరు, పీచు, మాంసకృత్తులు హెచ్చుగా నున్న ఆహారము ఆకలిని ఎక్కువసేపు ఆపెను. క్రొవ్వు హెచ్చైనది అంతగా ఆపలేదు. కడుపు గోడలు సాగినప్పుడు నరముల ద్వారా మెదడునకు వార్త పోవును. చిన్న తునకలో పెద్ద శక్తి ఇమిడియున్నచో ఆ వార్త బలహీనమగును.

ఆ పట్టికలో మన జొన్న సంకటి లేదు, రాగి అంబలి లేదు, పెసరట్టు లేదు. తిరువూరు ప్రాంతమున పెనుగొలను వంటి గ్రామములో ప్రొద్దున్నే నాట్లకు పోవు స్త్రీకి ఇది విలాసపు లెక్క కాదు. తిన్నది మధ్యాహ్నము వరకు నిలుచునా, నిలువదా అనునదే ఆమె ప్రశ్న. పరీక్ష సులభము. సుమారు 70 గ్రాముల బియ్యము ఒకనాడు, అంతే జొన్నలు వేరొకనాడు వండుకొని, 50 గ్రాముల బిస్కత్తులు మరొకనాడు తిని, పావుగంట కొకసారి ఆకలిని వ్రాసికొనవచ్చును. మూడింటి శక్తియు ఇంచుమించు 240 కేలరీలే.

అయితే కడుపు నిండుట వేరు, పోషణ వేరు. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది 2017లో 528 ఆహారపదార్థముల పోషక విలువలను ప్రకటించినది. ఏ గింజలో ఎంత ఇనుమున్నదో ఆ పట్టికలు చెప్పును. ఆకలి ఎప్పుడు మరలివచ్చునో చెప్పవు. రెండు లెక్కలును కావలెను.

ఒక్క హెచ్చరిక. తృప్తి నిచ్చు ఆహారమును వెదకుట పళ్లెములోని అన్నమును తగ్గించుటకు సాకు కారాదు. ఆకలిని కొలుచుట ఆకలిని తీర్చుటకే.