ఊరి రాళ్లు చెప్పు చరిత్ర
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన గ్రామములలో ఆలయ ప్రాంగణములందును, చెరువు కట్టలమీదను, పొలము గట్లమీదను అక్షరములు చెక్కిన రాళ్లు అనేకము కలవు. కొన్నిటికి పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుచున్నాము. కొన్నిటిపై బట్టలు ఉతుకుచున్నాము. వానిలో ఏమి వ్రాసియున్నదని అడుగువారు మాత్రము అరుదు.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు సంగతి చూడుడు. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని నిర్మింపజేసి 1369లో శాసనము వేయించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లపాటు పనిచేసినట్లు అందు కలదు. మంచి చెరువుకు కావలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆరు దోషములును అందు చెప్పబడినవి. ఆ రాయిని ఎవరైనను పునాదిలో వేసియుండినచో ఈ విజ్ఞానము మనకు దక్కెడిదా?

అట్టి నష్టము నేటికిని జరుగుచున్నది. రోడ్ల వెడల్పులో కొన్ని రాళ్లు పోవుచున్నవి. ఆలయముల మరమ్మతులో కొన్నిటిపై సున్నము, రంగు పడుచున్నవి. గుప్తనిధులున్నవను భ్రమతో కొన్నిటిని పగులగొట్టుచున్నారు. శాసనములలో తరచుగా కనబడునది దానము, సరిహద్దు, చెరువు, ధర్మము; నిధి జాడ కాదు.

గ్రామచరిత్రను కాపాడుట గ్రామస్థులకు క్రొత్త పని కాదు. రెండు శతాబ్దములకు పూర్వము కల్నల్ మెకంజీ కొరకు కావలి సోదరులు మొదలగువారు ఊరూర సమాచారము సేకరించిరి. కరణములు, పెద్దలు చెప్పిన వృత్తాంతములే నేటి కైఫీయతులు. నాడు గంటము పట్టిన చేతులు కావలసెను. నేడు సెల్‌ఫోను చాలును.

పద్ధతి సులభము. ఉదయముగాని సాయంకాలముగాని ఏటవాలు వెలుతురులో ఫోటోలు తీయవలెను. అప్పుడు అరిగిన అక్షరములు కూడ తేటపడును. రాతిచుట్టు తిరుగుచు, ఒక ఫోటోలోని భాగము తరువాతి దానిలో కొంత వచ్చునట్లు అనేకము తీసినచో, కంప్యూటరు వానిని కూర్చి రాతి పూర్తి ఆకారమును చూపగలదు. ప్రక్కన కొలబద్ద నుంచవలెను. స్థలము, సర్వే నెంబరు, పెద్దలు చెప్పు కథ వ్రాసికొనవలెను. సుద్ద, నూనె, ఆసిడ్ తగులనీయరాదు. రాతిని కదల్పరాదు, త్రవ్వరాదు. త్రవ్వకము పురావస్తు శాఖవారి పని.

రాయి సంగతి బయటపడిన నేల పోవునని, రాయిని తీసికొనిపోవుదురని కొందరు దాచుచున్నారు. ఫోటో తీసినంతమాత్రమున రాయి ఊరు విడిచిపోదు. దాచిన రాయి పగిలిననాడు మాత్రము దాని మాట ఎవరికిని దక్కదు.

కావున రాబోవు గ్రామసభలో ఈ విషయము చర్చింపుడు. ఒక ఉపాధ్యాయుని, ఇరువురు యువకులను, ఇరువురు యువతులను ఈ సేవకు ఎన్నుకొనుడు. పంచాయతీ కార్యాలయమున ఒక రిజిస్టరు తెరచి, ఫోటోల ప్రతులను పురావస్తు శాఖకు పంపుడు. రోడ్డు పనిగాని ఆలయపు పనిగాని ప్రారంభించుటకు ముందు ఆ రిజిస్టరు చూచుట నియమముగా పెట్టుకొనుడు. ఇందుకు వలయు ధనము స్వల్పము, వలయునది శ్రద్ధ. అది మన గ్రామములకు కొదువ కాదని మా విశ్వాసము.