కరువు ఏడాది పంపకం

 

2023 నవంబరు చివర్లో కృష్ణా నది నీళ్ళ తగాదాలో నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా మోహరించారు. చివరికి కాపలాకు కేంద్ర బలగాలు వచ్చాయి. ఇటువాళ్ళు అటువాళ్ళని దుర్మార్గులన్నారు, అటువాళ్ళూ అదే మాటన్నారు. నాకు మాత్రం అక్కడ దుర్మార్గులెవరూ కనిపించలేదు.

అదే నది మీది శ్రీశైలం జలాశయాన్నే తీసుకోండి. నిండు మట్టం 885 అడుగులు. ఎడమగట్టు విద్యుత్ కేంద్రం తెలంగాణది, కుడిగట్టుది ఆంధ్రప్రదేశ్‌ది. ఎగువన పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకు నీళ్ళు వెళ్ళాలి. మట్టం 854 అడుగులకు దిగిందంటే అక్కడ కంగారు మొదలవుతుంది. ‘మనం ఆపితే వాళ్ళు వాడేసుకుంటారు’ అన్న అనుమానం ఇద్దరికీ ఉంది. అది ఉన్నంతకాలం ముందుగా తోడుకున్నవాడిదే తెలివి. ఎవరికి వారు తెలివిగానే నడుచుకుంటారు, వేసవికి ఇద్దరికీ తాగునీటి ఎద్దడి వస్తుంది. గేమ్ థియరీలో దీన్ని ఖైదీల సందిగ్ధం అంటారు. మనుషుల బుద్ధి మారేదాకా ఆగనక్కర్లేదు, నియమం మార్చి చూడండి అంటుంది ఆ శాస్త్రం. నాకు నచ్చింది అదే.

కృష్ణా జలాల్లో బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలను 2015లో తాత్కాలికంగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచుకున్నారు. ఆ తాత్కాలికం ఏళ్ళ తరబడి సాగింది! వరద ఏడాది ఈ అంకెలతో ఎవరికీ పెద్దగా పనిలేదు. కరువు ఏడాదే చిక్కు.

ఊహకు ఒక లెక్క. ఉన్నవి 100 టీఎంసీలు. ఒకరు మొత్తం 100 అడిగారు, రెండోవారు 50. దామాషాలో పంచితే దాదాపు 67, 33. మొదటివారు ఇది గ్రహించి మరుసటి ఏడాది 200 అడుగుతారు, వాటా 80కి పెరుగుతుంది. అంటే కోరిక పెంచి రాసినవారికి మనమే బహుమతి ఇస్తున్నాం. యూదుల ప్రాచీన ధర్మశాస్త్రం తాల్ముద్‌లో ఇంకో పద్ధతి ఉంది. రెండోవారు అడిగింది 50 కాబట్టి మిగతా 50 మీద తగాదా లేదు, అది మొదటివారిదే. తగాదా ఉన్న 50ని చెరి సగం చేస్తే 75, 25. ఇక్కడ 200 అడిగినా లాభం లేదు, ఉన్నదే 100 కనుక అంతకు మించిన కోరిక లెక్కలోకి రాదు. రాబర్ట్ ఔమన్, మైకేల్ మాష్లర్ 1985లో ఈ పద్ధతి వెనకున్న గణితాన్ని విప్పి చూపించారు. కృష్ణకు ఇదే సరైన సూత్రమని నేననను. ఏ సూత్రం ఏ అబద్ధాన్ని పెంచి పోషిస్తుందో సంతకానికి ముందే లెక్కేసుకోవాలంటాను.

ఇంకో సంగతి. కృష్ణ ఆట ఒక్కసారితో ముగిసేది కాదు, ఏటా జూన్‌లో మళ్ళీ మొదలవుతుంది. మళ్ళీ మళ్ళీ ఆడే ఆటలో సహకారం నిలవాలంటే నిన్న అవతలివారు ఎంత తీసుకున్నారో ఇవతలివారికి కనబడాలి. గేజీ రీడింగు మీదే నమ్మకం లేనిచోట నోబెల్ బహుమతి తెచ్చిన సూత్రాలు కూడా పనికిరావు. ట్రైబ్యునళ్ళ వాదనల మీద పెట్టిన శ్రద్ధలో కొంతయినా నీటి కొలతలను దూరానికి తానే పంపే టెలిమెట్రీ మీద పెట్టి ఉంటే బాగుండేది.

పట్టభద్రులైన మీలో కొందరు రేపు నీటిపారుదల శాఖల్లో చేరతారు. ఏ రాష్ట్రంలో చేరినా, మీ కాలువలో పారిన నీటి లెక్క అవతలి గట్టు ఇంజినీరుకు కూడా అదే రోజు అందేలా చూడండి.