అన్నానికి సిగ్గేటి?



పిల్లలకు సెలవులిచ్చారంటే మా శ్రీకాకుళం, విజయనగరం వైపు చుట్టాల రాక మొదలవుతుంది. అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం, రామతీర్థం చూడాలంటారు. చూడవలసినవే. కాని "అక్కడ భోజనం ఎక్కడ?" అని ముందుగా అడిగేవాళ్లు తక్కువ. గుడి ఎక్కడికీ పోదు. ఆకలి మాత్రం వేళకు వచ్చి కూచుంటుంది.

ఒకసారి మా అత్తగారిని తీసుకుని శ్రీముఖలింగం వెళ్లాను. ఆవిడకు చక్కెర వ్యాధి. పొద్దుట మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నారు, అంతే. వంశధార ఒడ్డున ఆ పాత గుళ్లు, ఆ శిల్పాలు చూస్తూ ఉంటే ఒంటిగంట దాటిపోయింది. దారిలో చిన్న హోటలు కనబడింది. లోపల అందరూ మగవాళ్లే. ఆడవాళ్లం ఇద్దరం ఎలా వెళ్లి కూచుంటామని నాకు సంకోచం. "ఇంటికెళ్లి తిందాం లెండి అత్తయ్యగారూ" అన్నాను. బస్సు రాకుండానే ఆవిడకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఆ హోటలులో వంట చేసే అప్ప చూసి, పరుగున పంచదార నీళ్లు తెచ్చి తాగించింది. ఆవిడ తేరుకున్నాక లోపల కూచోబెట్టి వేడి అన్నం, పప్పు, వంకాయకూర వడ్డించింది. "ఆకలైతే లోనికి రావాల గాని, అన్నానికి సిగ్గేటమ్మా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అందుచేత నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

అరసవల్లి శ్రీకాకుళం పట్నానికి 2 కిలోమీటర్లే. శ్రీకూర్మం 15 కిలోమీటర్ల లోపే. ఈ రెండూ పొద్దుటే చూసుకుని, భోజనానికి పట్నం చేరవచ్చు. రామతీర్థం విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్లు కనుక అక్కడికీ ఇదే పద్ధతి. శ్రీముఖలింగం అలా కాదు, శ్రీకాకుళం నుంచి 40 కిలోమీటర్ల పైమాటే. పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లండి. రైల్లో వచ్చేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. దిగగానే పట్నం వచ్చేసిందనుకుని పిల్లల్ని ఆకలితో ఉంచకండి.

పల్లెల్లో టిఫిను దుకాణం పిండి అయిపోగానే మూసేస్తారు. మధ్యాహ్నం ఆలస్యమైతే అన్నం గిన్నె అడుగంటుతుంది. చిన్న మెస్సయితే వెళ్లగానే "ఇంతమందిమి, ఇన్ని గంటలకు వస్తాం" అని చెప్పి, అప్పుడు దర్శనానికి వెళ్లండి. పొయ్యి మీంచి వేడిగా దిగేచోట తినండి. కోసి ఉంచిన పళ్లు వద్దు.

మరో సంగతి. మా వైపు అసలు రుచులు హోటలు బోర్డు మీద ఉండవు. రాగుల్ని మేము చోళ్లంటాం. ఆ చోడి అంబలి, ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఎక్కువగా ఇళ్లలో వండుకునేవే. "ఈ పూట మీరేం వండుకున్నారమ్మా?" అని అడిగి చూడండి. అడిగితే సంతోషిస్తారు. ఉంటే పెడతారు కూడాను. సాయంత్రం విజయనగరం బజారులో ముంతకింద పప్పు, మురీ మిక్చరు తినవచ్చు. మురీలంటే మరమరాలే. అయితే దసరా తరవాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు జనసముద్రం కనుక పొద్దుటే కడుపు నింపుకుని బయలుదేరండి. పలాస వైపు వెళ్తే జీడిపప్పు కొనుక్కోండి. వంటకైతే గుండుపప్పు అక్కరలేదు, బద్ద చాలు. చవక కూడా.

చక్కెర వ్యాధి ఉన్నవారు వెంట ఉంటే చేతిసంచిలో కాస్త పంచదార, బిస్కట్లు మరవకండి.

ఇంటిల్లిపాదికీ వేళకు అన్నం పెట్టే మనం, మన ఆకలి దగ్గరికొచ్చేసరికి "ఇంటికెళ్లి తిందాం" అంటాం. బయట తింటే ఇల్లాలి పరువేమీ తరిగిపోదు. ఆ తరవాత ఏ ఊరెళ్లినా మా అత్తగారే ముందు హోటలు గడప ఎక్కేవారు. వెనక్కి తిరిగి, "రా అమ్మాయీ, అన్నానికి సిగ్గేటి?" అని నవ్వేవారు.