నాటికలకు నటుల నెన్నుట

విద్యార్థులు నాటకమాడుట మనకు క్రొత్త గాదు. 1880లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తమ శిష్యులచేతనే వ్యవహారధర్మబోధిని నాడించిరి. నేటి విద్యార్థులు నాటికలను దామే వ్రాసికొనుచున్నారు.

బాలుడు వృద్ధపాత్రము ధరించుటను భరతుడు విరూపమనెను. కళాశాలలలో నిదియే యెక్కువ. ఇరువదేండ్లవారికి నెరసిన గడ్డములు! కావున నటుల నెన్నువారు రూపమున కంటె పలుకునకు జెవి యొగ్గవలెను.

మొన్న నొక కళాశాలవారు తమ నాటకోత్సవమునకై యీ పనికి నన్ను బిలిచిరి. ఒక నాటికలో ఋణగ్రస్తుడైన రైతు నాయకుడు. వ్రాసిన చిన్నవాడే యా పాత్రమును గోరి, నిర్దుష్టముగా జదివెను. పిమ్మట నొక పల్లెటూరి బాలుడు వచ్చి తడబడెను; కొందరు నవ్విరి. కాగితము ప్రక్కన బెట్టించి, "పొలము వేలమైనదని భార్యకు నీ మాటలతోనే చెప్పు" మంటిని. అతడు తల యెత్తక, "ఎడ్లకు కుడితి పెట్టినావా?" యని మాత్ర మడిగెను. నవ్వినవారు నిశ్శబ్దులైరి.

వ్యాకరణము చెప్పి బ్రదికినవాడ నగుటచే నుచ్చారణదోషమును సహింపను. అయినను నది యభ్యాసమున దీరును. ఈ పలుకు అభ్యాసమున రాదు. రైతుపాత్రము నతనికే యిచ్చితిమి. రచయిత ముఖము చిన్నబోయెను. కొంతసేపటికి నాకడకు వచ్చి, "ఆ మాటను నాటికలో జేర్చుకొనవచ్చునా?" యనెను. అతనినే యడుగుమంటిని.