ఒక కంఠము, రెండు యాంప్లిఫయరులు

ఇంటిలో కొయ్యపెట్టె చేసికొని, అందు పెద్ద స్పీకరు నొకటి, చిన్న స్పీకరు నొకటి బిగించుకొనిన వారికి వెంటనే ఎదురగు ప్రశ్న యొకటి కలదు. మంద్రధ్వనులను పెద్దదానికి, తారధ్వనులను చిన్నదానికి పంచుట ఎట్లు? సాధారణముగా ఈ పంపకము యాంప్లిఫయరు తరువాత, పెట్టె లోపల, తీగచుట్టల చేతను కెపాసిటరుల చేతను జరుగుచుండును. యాక్టివ్ క్రాస్ఓవరు పద్ధతిలో ఆ పంపకము యాంప్లిఫయరునకు ముందే జరుగును. ఒక వోల్టు అటునిటుగా ఉండు సంకేతము రెండు పాయలుగా చీలి, ఒక్కొక్క పాయ తన సొంత యాంప్లిఫయరునకు పోవును. స్టీరియో కావలెనన్న నాలుగు యాంప్లిఫయరులు అవసరము. ఖర్చు ఎక్కువే. అయినను పెద్ద స్పీకరునకు, అనగా ఊఫరునకు, దాని యాంప్లిఫయరునకు నడుమ తీగచుట్ట లేకుండుటచే మృదంగపు దెబ్బ ఆగవలసిన చోట ఆగును.

ఈ లాభముతోపాటు ఒక రక్షణ తొలగిపోవును. పాత పద్ధతిలో చిన్న స్పీకరునకు, అనగా ట్వీటరునకు, ముందున్న కెపాసిటరు మంద్రధ్వనులను అడ్డగించుచుండెను. ఇప్పుడు యాంప్లిఫయరు ట్వీటరును నేరుగా తాకుచున్నది. ట్వీటరులోని కాయిలు తీగ బహు సన్నము. తీగలు తారుమారై మంద్రధ్వని దానికి చేరినను, స్విచ్చి వేయునపుడు "ధబ్"మను దెబ్బ తగిలినను క్షణములో కాలిపోవచ్చును. నేటి డిజిటల్ క్రాస్ఓవరులలో ఈ భయము మరింత ఎక్కువ. ఒక్క మీట పొరపాటున నొక్కినచో పూర్తి సంకేతము ట్వీటరుపై పడును.

కావున ట్వీటరును చిట్టచివర కలుపవలెను. ముందుగా దాని యాంప్లిఫయరునకు పాత చవుక స్పీకరు నొకదానిని తగిలించి, శబ్దమును బాగుగా తగ్గించి వినుడు. సన్నని సిసలు మాత్రమే వినిపించినచో కలయిక సరియైనదే. దానినుండి మంద్రధ్వని వచ్చినచో తీగలు మారినవన్నమాట. చవుక స్పీకరే గనుక నష్టము లేదు. ఆ పిమ్మట ట్వీటరును కలుపునపుడు వరుసలో ఒక కెపాసిటరును శాశ్వతముగా ఉంచుట మేలని మా అభిప్రాయము. 8 ఓముల ట్వీటరునకు 40 మైక్రోఫారడులది పెట్టినచో అది సుమారు 500 హెర్ట్జులకు దిగువనున్న దానిని క్రమముగా తగ్గించును. కొందరు స్వచ్ఛతావాదులు దీనిని ఒప్పుకొనరు. ట్వీటరు వెల వారే ఇచ్చుకొందురు గనుక వారితో మాకు వాదము లేదు.

స్విచ్చి వేయునపుడు యాంప్లిఫయరులు అన్నిటికంటె చివర. ఆర్పునపుడు అన్నిటికంటె ముందు. గుయ్యిమను రొద వచ్చుచున్నదని ప్లగ్గులోని ఎర్తు పిన్నును పీకివేయువారు కలరు. 230 వోల్టుల కరెంటుతో ఆ పని ఎన్నడును చేయరాదు. సంకేతపు తీగల దారి మార్చి చూడుడు, లేదా బ్యాలెన్స్‌డ్ తీగలు వాడుడు.

ఇక పంపకపు రీతి. 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ అనువారి పేర వెలసిన ఫిల్టరులు నేడు విస్తారముగా వాడుకలో ఉన్నవి. వీనిలో సంధిస్థానమున రెండు పాయలును 6 డెసిబెలులు, అనగా సగము వోల్టేజికి, తగ్గి యుండును. రెండు సగములు కలిసి ఒకటి యగును. అయితే రెండును ఒకే సమయమున చెవిని చేరవలెను. సంధి 2,200 హెర్ట్జుల వద్ద నున్నచో ఆ ధ్వనితరంగపు నిడివి పదునైదున్నర సెంటీమీటరులు. ఊఫరు కాయిలు ట్వీటరు కాయిలుకంటె 3 సెంటీమీటరులు వెనుక నున్నచో తరంగములో అయిదవవంతు తేడా వచ్చును. దీనిని కనుగొనుటకు చక్కని ఉపాయము కలదు. యాంప్లిఫయరును ఆర్పి, ట్వీటరు తీగలు రెండింటిని తారుమారు చేసి, 2,200 హెర్ట్జుల నాదమును వినుడు. ఆక్టేవునకు 24 డెసిబెలుల ఫిల్టరైనచో నాదము దాదాపు మాయము కావలెను. కానిచో ట్వీటరునకు కొంచెము కొంచెముగా ఆలస్యము కల్పించుడు; 3 సెంటీమీటరులకు సుమారు 87 మైక్రోసెకనులు. నాదము మిక్కిలి సన్నగిల్లిన చోట ఆగి, మరల యాంప్లిఫయరును ఆర్పి, తీగలను యథాస్థితికి తెండు.

మట్టములు సరిచేయుటకు మొదట కాగితముపై లెక్క. ఊఫరు సామర్థ్యము 87, ట్వీటరుది 91 డెసిబెలులైనచో, యాంప్లిఫయరులు రెండును ఒకే తీరువైనపుడు, ట్వీటరును 4 తగ్గించవలెను. ఆ తగ్గింపును క్రాస్ఓవరులో గాక యాంప్లిఫయరు మీటతో చేసినచో ట్వీటరునుండి వచ్చు "స్‌స్" రొద కూడ తగ్గును.

అటుపై చెవియే ప్రమాణము. మైక్రోఫోను ముందు పనిచేయు మేము సంగీతముకంటె మాటనే ముందు పరీక్షింతుము. సంధిస్థానము కంఠస్వరపు నట్టనడుమ పడినది; ఒక మనిషి రెండు నోళ్లతో పలుకుచున్నాడు. శబ్దము హెచ్చించక, వార్తలు చదువువారి గొంతును ఏడెనిమిది అడుగుల దూరమునుండి వినుడు. "స, శ, ష" మూడును వేరువేరుగా తెలియవలెను. మూడును ఒకే ఈలయై గుచ్చుకొన్నచో ట్వీటరు ఎక్కువైనది. మూడును మొద్దుబారినచో తక్కువైనది. స్త్రీకంఠముతోను, పురుషకంఠముతోను వినుడు. పలుకువారు పెట్టె పైభాగమున ఒకసారి, క్రిందిభాగమున ఒకసారి కూర్చున్నట్లు తోచినచో సంధి ఇంకను అతుకలేదు. ఇంటిలోని పెద్దలు మాట తెలియుట లేదన్నచో మొత్తము శబ్దమును హెచ్చించుటకు ముందు ట్వీటరును ఒక్క డెసిబెలు పెంచి చూడుడు.

సర్దుబాటు కుదిరిన పిమ్మట మీటల స్థానములను సిరాతో గుర్తించి, అంకెలను ఒక కాగితముపై వ్రాసి పెట్టె వెనుక అంటించుడు. దుమ్ము తుడుచు చేతులకు మీటలు తిరుగుట సర్వసాధారణము.